ఎంబీఏ రీసెర్చ్ మెథడాలజీ: నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి యూనివర్సిటీల పరిధిలోనూ, జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లోనూ ఎంబీఏ, ఎంకాం చదివేవాళ్లు ప్రాజెక్టు సమయంలో అడిగే ప్రశ్నలివి. గైడ్‌కు టాపిక్ ఇచ్చే ముందే ఒకసారి చదివితే ఎక్కువ ఉపయోగం.

డిగ్రీలో లెక్కలు చదవలేదు. ఈ సబ్జెక్టు నాకు వస్తుందా?

వస్తుంది. లెక్కలు వచ్చేది చివర్లో, అవీ కంప్యూటర్ చేసిపెడుతుంది. కష్టమంతా అంతకుముందే ఉంది. ఏం అడగాలి, ఎవరిని అడగాలి, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలి అన్న మూడు విషయాలు పట్టుబడితే, బీఏ తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు కూడా చక్కటి రిపోర్టు రాస్తారు. ఎక్స్‌ప్లోరేటరీ, డిస్క్రిప్టివ్, కాజల్ అంటూ పరిశోధన రకాలు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కవచ్చు. కానీ ఆ చదువుతో ఒక రైతు ముందో, షాపు యజమాని ముందో కూర్చుంటే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. అందుకే ఈ సబ్జెక్టును చిన్నదైనా సరే, ఒక నిజమైన ప్రశ్న పెట్టుకుని నేర్చుకోవాలి.

టాపిక్ ఎలా ఎంచుకోవాలి?

‘ఎ స్టడీ ఆన్ కస్టమర్ శాటిస్‌ఫాక్షన్ విత్ రిఫరెన్స్ టు ఫలానా షోరూమ్, నెల్లూరు’ అనే తరహా రిపోర్టులు కాలేజీ లైబ్రరీల్లో బీరువాల నిండా ఉంటాయి. చాలావాటిలో ముగింపు ఒకటే: ఎక్కువమంది సంతృప్తిగా ఉన్నారు, ధర కాస్త తగ్గిస్తే బాగుంటుంది. షోరూమ్ మెట్లెక్కకముందే తెలిసిన సంగతి ఇది. జవాబు మీకు నిజంగా తెలియని విషయాన్నే టాపిక్‌గా పెట్టుకోండి.

రొయ్యల సాగు చూద్దాం. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు ఇల్లున్నవాళ్లకు ఇది చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ‘నెల్లూరు జిల్లా రొయ్య రైతుల సమస్యలు’ అని పెట్టుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియదు. దాన్ని ఇలా కుదించండి: మేతను డీలర్ దగ్గర అరువుకు తెచ్చుకునే రైతుకూ, నగదిచ్చి కొనే రైతుకూ రొయ్య అమ్మకం ధరలో తేడా ఉందా? ఇప్పుడు పోల్చడానికి రెండు గుంపులున్నాయి, కొలవడానికి ధర ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రొయ్య ధర కౌంట్‌ను బట్టి ఉంటుంది, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, ధర ఎక్కువ. 100 కౌంట్ అంటే చిన్నది, ధర తక్కువ. అరువు రైతు అప్పు పెరుగుతోందన్న టెన్షన్‌తో రొయ్య చిన్నగా ఉండగానే చెరువు పట్టేశాడనుకోండి. అతనికి కిలోకు తక్కువ వచ్చింది. కారణం అరువా, కౌంటా? ధరలు ఏ రోజుకారోజు మారుతుంటాయి కాబట్టి అమ్మిన రోజు కూడా కారణం కావచ్చు. అందుకే ఒకే కౌంట్‌కు, ఒకే వారంలో అమ్మినవాళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. లేదా ఈ రెండు వివరాలూ రాసుకుని, తర్వాత రిగ్రెషన్‌లో, అంటే ఒక్కో కారణం ప్రభావాన్ని విడదీసి చూపే లెక్కలో చేర్చాలి. కంట్రోల్ వేరియబుల్ అని పుస్తకం రెండు లైన్లలో చెప్పేది దీన్నే. అంతేకాదు, అరువు రైతు తొందరగా పట్టేస్తున్నాడన్నది నిజమైతే అదే మీ ప్రాజెక్టులో అన్నిటికంటే ముఖ్యమైన ఫలితం కావచ్చు. దాన్ని కప్పేయకుండా విడిగా రాయండి.

ఇలాంటివి మన చుట్టూ చాలా ఉన్నాయి. పొదలకూరు నిమ్మ మార్కెట్‌లో కమీషన్ లెక్కలు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో కార్మికుల భద్రతా శిక్షణ, కృష్ణపట్నం పోర్టుకు లారీలు తిప్పే చిన్న ట్రాన్స్‌పోర్టర్లకు బిల్లులు ఎన్నాళ్లకు వస్తున్నాయన్నది. మీ ఇంట్లో ఎవరికో పరిచయమున్న రంగమైతే మరీ మంచిది. ముందు నలుగురితో మాట్లాడటానికి దారి దొరుకుతుంది.

హైపోథిసిస్ తప్పనిసరిగా ఉండాలా?

హైపోథిసిస్ అంటే ముందే ఊహించి రాసుకునే జవాబు. పోల్చే ప్రశ్నకు, సంబంధం వెతికే ప్రశ్నకు ఉండాలి. ‘ఎంతమంది?’, ‘ఎలా జరుగుతోంది?’ అనేవాటికి అక్కర్లేదు. రాస్తే మాత్రం డేటా సేకరించక ముందే రాయండి. ఫలితం చూసి దానికి సరిపడా హైపోథిసిస్ రాసుకుంటే పరీక్షించడానికి ఏమీ మిగలదు.

లిటరేచర్ రివ్యూకు ఎక్కడ వెతకాలి?

మీ టాపిక్ మీద ఇంతకుముందు జరిగిన పనిని చదివి చూడటమే లిటరేచర్ రివ్యూ. శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ స్కాలర్, నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా చూడండి. ‘ఫలానా ఆయన ఫలానా సంవత్సరంలో ఇలా అన్నారు’ అని ఇరవై పేరాలు పేర్చితే అది రివ్యూ అవ్వదు. ప్రతి పేపర్‌లోనూ ఎవరిని అడిగారు, ఎంతమందిని, ఏ సాధనంతో అన్నది ఒక పట్టికలో రాసుకోండి. పదిహేను వరుసలు నిండేసరికి ఇంతవరకూ ఎవరూ అడగని మనుషులెవరో మీకే కనబడతారు. అక్కడే మీ పని మొదలవుతుంది.

శాంపిల్ ఎంత ఉండాలి? వందమంది చాలా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. మీరు ఏం తేల్చాలనుకుంటున్నారో దాన్నిబట్టి జవాబు ఉంటుంది.

‘వందకు ఎంతమంది’ అన్న శాతం తేల్చాలంటే, 95 శాతం నమ్మకంతో 5 శాతం అటూఇటూ తేడాకు ఒప్పుకుంటే కాక్రన్ సూత్రం 385 మందిని అడగమంటుంది. మీ జనాభా చిన్నదైతే యమానే సూత్రం వాడవచ్చు. 800 మంది రైతులున్న చోట 800ను 3తో భాగిస్తే 267 వస్తుంది. ఆ 3 ఎక్కడిదంటే, 1కి 800 ఇంటూ 0.05 వర్గం, అంటే 2 కలిపితే వచ్చింది. రెండు గుంపుల సగటు పోల్చేటప్పుడు మధ్యరకం తేడాను పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది ఉండాలన్నది గణాంక శాస్త్రంలో బాగా వాడుకలో ఉన్న లెక్క. అరువు రైతులు 64, నగదు రైతులు 64. ఇది ఒక సెమిస్టర్‌లో చేయగలిగిన పనే.

అయితే ఈ సూత్రాలన్నీ మీరు మనుషులను లాటరీ పద్ధతిలో ఎంచుకున్నారని అనుకునే లెక్క చెబుతాయి. ఎదురుపడినవాళ్లనే అడిగితే 385 మందైనా అది మీకు ఎదురుపడ్డ మనుషుల సంగతే అవుతుంది. కాబట్టి ముందు జాబితా వెతకండి. పొగాకు మీద పని చేసేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. వర్జీనియా పొగాకు పండించే రైతు టొబాకో బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి, ప్రతి రైతూ ఏదో ఒక వేలం కేంద్రం పరిధిలోకి వస్తాడు. వేలం కేంద్రం అనుమతితో ఆ జాబితా దొరికితే, ప్రతి పదో పేరూ తీసుకుంటూ పోవచ్చు. మొదటి పేరు మాత్రం 1 నుంచి 10 మధ్య చీటీ తీసి ఎంచుకోండి.

ఆ జాబితాలో లేనివాళ్లను కూడా గుర్తుపెట్టుకోండి. పొగాకును కాల్చే కొట్టం, అంటే బ్యారన్ ఒకరి పేరున ఉంటుంది, దాన్ని కౌలుకు తీసుకుని పొగాకు కాల్చేది ఇంకొకరు కావచ్చు. జాబితాలోని పేరును వెతుక్కుంటూ వెళ్లి యజమానిని అడిగి వస్తే, నష్టం వచ్చినా లాభం వచ్చినా మోసే మనిషి మీ డేటాలోకి రాలేదు. ఏ జాబితాకైనా ఇలాంటి ఖాళీ ఉంటుంది. అదెక్కడుందో తెలుసుకుని రాయడం శాంపిల్ సైజు లెక్క కంటే ముఖ్యం.

గూగుల్ ఫామ్ పంపిస్తే సరిపోదా?

కాలేజీ విద్యార్థుల మీద, ఆఫీసు ఉద్యోగుల మీద అధ్యయనమైతే సరిపోతుంది, అదీ వాళ్ల జాబితా మీ దగ్గర ఉంటే. క్లాసు వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి ‘ప్లీజ్ ఫిల్’ అంటే ఇరవై రెండేళ్ల స్నేహితులు నింపుతారు. ఆ జవాబులతో ‘నెల్లూరు వినియోగదారులు’ అని రాయకూడదు. ‘మా కాలేజీ ఎంబీఏ విద్యార్థులు’ అని రాస్తే తప్పేమీ లేదు.

ప్రశ్నావళి తెలుగులో తయారు చేయవచ్చా?

చేయవచ్చు, చేయాలి కూడా. రిపోర్టు ఇంగ్లీషులో రాసినా, అడిగేది జవాబిచ్చేవాళ్ల భాషలోనే ఉండాలి. ఇంగ్లీషు ప్రశ్నను మీరు తెలుగులోకి మార్చండి. ఆ తెలుగును ఇంకో స్నేహితుడికిచ్చి, అసలు ప్రశ్న చూపించకుండా మళ్లీ ఇంగ్లీషులోకి మార్చమనండి. రెండూ ఒకటే అయితే ప్రశ్న నిలబడినట్టు.

కొలతల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. ‘దిగుబడి ఎన్ని క్వింటాళ్లు?’ అని మీరు అడుగుతారు, నెల్లూరు రైతు ‘ఎకరాకు మూడు పుట్లు’ అంటాడు. ఇక్కడ పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు. వేరే ప్రాంతాల్లో పుట్టి లెక్క వేరు. స్థలాల మీద ప్రాజెక్టు చేసేవాళ్లకూ ఇదే చిక్కు. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. రైతు చెప్పిన కొలతలోనే రాసుకుని, మార్చే పని మీరు ఇంటికొచ్చాక చేసుకోండి. అతని చేత అక్కడికక్కడే లెక్క కట్టించవద్దు.

రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రవేశపెట్టిన ఐదు మెట్ల స్కేలును (అస్సలు ఒప్పుకోకపోతే 1, పూర్తిగా ఒప్పుకుంటే 5) మనవాళ్లు అన్ని ప్రశ్నలకూ తగిలించేస్తారు. చదువుకున్న ఉద్యోగికి అది అలవాటే. అరుగు మీద కూర్చున్న పెద్దాయనకు ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అస్సలు ఒప్పుకోను’ దాకా చదివి వినిపిస్తే, మూడో ప్రశ్నకల్లా ‘బాగానే ఉండాది లే అబ్బయ్యా, రాసుకో’ అంటాడు. ఆ మాట మర్యాద కోసం అన్నది, దాన్ని 4 అని వేసుకుంటే డేటా పాడవుతుంది. అలాంటి చోట అభిప్రాయం బదులు జరిగింది అడగండి: ‘పోయిన పంటకు ఎంతమంది డీలర్ల దగ్గర మేత తెచ్చారు?’, ‘డబ్బు ఎన్నో రోజున చేతికొచ్చింది?’

‘బ్యాంకు సిబ్బంది మర్యాదగా, వేగంగా పనిచేస్తారు’ అని ఒకే వాక్యంలో రెండు విషయాలు అడగకండి. ఆదాయం గురించి చివర్లో అడగండి, అదీ స్లాబుల్లో.

ఎప్పుడు అడుగుతున్నారన్నదీ ముఖ్యమే. పొగాకు వేలం నడుస్తున్నంతసేపూ రైతు కళ్లు తన బేళ్ల (పొగాకు కట్టల) మీదే ఉంటాయి, మీ మాట చెవికెక్కదు. ఆ రోజు అతని బేళ్లను ఎవరూ కొనక నోబిడ్ అయితే బోర్డు, కొనుగోలుదారులు, ప్రభుత్వం, అన్నిటికీ 1 వేయిస్తాడు. మంచి ధర పడినరోజు అదే మనిషి 5 వేయిస్తాడు. కాబట్టి ఆ రోజు బేళ్లు అమ్ముడయ్యాయా లేదా అన్నది కూడా ఫామ్‌లో ఒక గడిగా పెట్టుకోండి. వీలైతే కొన్ని రోజుల తర్వాత ఊరికి వెళ్లి కలవండి.

పైలట్ స్టడీ నిజంగా చేయాలా? రిపోర్టులో రాస్తే చాలదా?

చేయాలి. 1930లలో బెంగాల్‌లో జనపనార విస్తీర్ణం అంచనా వేసేటప్పుడు గణాంక శాస్త్రవేత్త పి.సి. మహలనోబిస్ ముందు చిన్న సర్వేలు చేసి, వాటిలో బయటపడ్డ ఖర్చును, పొరపాట్లను చూసుకుని పెద్ద సర్వేను దిద్దుకున్నారు. మీకు పదిహేనుమంది చాలు. ఏ ప్రశ్న దగ్గర ‘అంటే?’ అని అడిగారో, ఏ ప్రశ్నకు అందరూ ఒకే జవాబిచ్చారో రాసుకోండి. మొదటిదాన్ని మార్చండి, రెండోదాన్ని తీసేయండి. ఈ పదిహేనుమందినీ అసలు శాంపిల్‌లో కలపవద్దు.

క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 రాకపోతే?

లీ క్రోన్‌బాక్ 1951లో వివరించిన ఈ కొలత ఒకే విషయాన్ని అడిగే కొన్ని ప్రశ్నలు ఒకదానికొకటి పొంతనగా ఉన్నాయా అని మాత్రమే చెబుతుంది. 0.7 అనేది ఆచారంగా వస్తున్న గీత. రాకపోతే మొదట తిరగేసి (ఒప్పుకోకపోతేనే మంచిదన్నట్టు) అడిగిన ప్రశ్నలకు మార్కులు తిరగేశారో లేదో చూడండి. చాలాసార్లు గొడవ అక్కడే ఉంటుంది. వయసు, ఆదాయం, ఊరు కలిపి ఆల్ఫా లెక్కకట్టిన రిపోర్టులు కూడా వస్తుంటాయి. దానికి అర్థం లేదు.

ఏ టెస్ట్ వాడాలో ఎలా తెలుస్తుంది?

మీ దగ్గరున్నవి పేర్లా, అంకెలా అని చూడండి. రెండూ పేర్లైతే, అంటే అరువా నగదా, సొంత చెరువా కౌలు చెరువా అన్నట్టుంటే చై-స్క్వేర్. అందులో గళ్లలో అంచనా సంఖ్య 5 కంటే తక్కువున్నవి అయిదో వంతుకు మించితే గుంపులు కలపాలి, లేదా ఫిషర్ టెస్ట్ వాడాలి. రెండు గుంపుల మధ్య ఒక అంకె సగటు పోల్చాలంటే టి-టెస్ట్, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే అనోవా. రెండూ అంకెలైతే కోరిలేషన్. ఒక అంకె మీద చాలా కారణాలు కలిసి పనిచేస్తున్నాయనుకుంటే రిగ్రెషన్. ఎంబీఏ ప్రాజెక్టుకు ఇంతకు మించి అరుదుగా అవసరమవుతుంది. స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్ పెడితే బరువుగా ఉంటుందని ఎవరైనా చెబితే, మీ ప్రశ్నకు అది కావాలా అని ముందు అడగండి.

p విలువ 0.05 కంటే ఎక్కువ వచ్చింది. ప్రాజెక్టు ఫెయిలయినట్టేనా?

కానే కాదు. ఈ భయంతోనే పిల్లలు అంకెలు మార్చేస్తున్నారు. అసలు తేడా ఏమీ లేదనుకుంటే, మీకు కనబడినంత తేడా లేదా అంతకంటే ఎక్కువ తేడా శాంపిల్ పడిన తీరువల్లే వచ్చే అవకాశం ఎంతో p చెబుతుంది. అది 0.30 వస్తే ‘తేడా ఉందనడానికి ఈ డేటాలో తగిన ఆధారం దొరకలేదు’ అని రాయండి. ‘తేడా లేదని రుజువైంది’ అని మాత్రం రాయకండి, శాంపిల్ చిన్నదవడం వల్ల కూడా అలా రావచ్చు. అరువు రైతుకు ధరలో తేడా కనబడలేదంటే, డీలర్లను తిట్టుకునే ఊళ్లో అదీ వినదగ్గ సంగతే. p పక్కనే అసలు తేడా ఎంతో రూపాయల్లో రాయండి. చదివేవాళ్లకు కావాల్సింది అదే.

ఎస్‌పీఎస్‌ఎస్ లేకుండా అవుతుందా?

అవుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ డబ్బు పెట్టి కొనే గణాంకాల సాఫ్ట్‌వేర్. జమోవి, పీఎస్‌పీపీ, ఆర్ మూడూ ఉచితం. కొత్తవాళ్లకు జమోవి తేలిక. ఎక్సెల్‌లో డేటా అనాలసిస్ టూల్‌ప్యాక్ ఆన్ చేసుకుంటే టి-టెస్ట్, అనోవా, రిగ్రెషన్ వచ్చేస్తాయి.

నాది ఫైనాన్స్. ప్రశ్నావళి లేకుండా ప్రాజెక్టు చేయవచ్చా?

నిరభ్యంతరంగా. లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలు, రిజర్వ్ బ్యాంకు గణాంకాలు, టొబాకో బోర్డు వేలం ధరలు అన్నీ డేటాయే. స్టాండలోన్ (కంపెనీ ఒక్కదాని) అంకెలు ఒక ఏడాది, కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలతో కలిపిన) అంకెలు ఇంకో ఏడాది తీసుకోకండి. షేరు ధరలు వాడితే స్ప్లిట్, బోనస్‌లకు సరిచేసినవే తీసుకోండి.

జిల్లా అంకెలు వాడేవాళ్లకు ఇంకో పెద్ద గుంట ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు వెళ్లాయి, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది. చీరాల, పర్చూరు, అద్దంకి ప్రకాశం నుంచి బాపట్లకు వెళ్లాయి. 2018 నుంచి 2024 దాకా ‘నెల్లూరు జిల్లా డిపాజిట్లు’ అని గ్రాఫ్ గీస్తే మధ్యలో పడే మెట్టు వ్యాపారం వల్ల వచ్చింది కాదు, సరిహద్దు వల్ల వచ్చింది. ఇది కొత్త సంగతీ కాదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కందుకూరు నెల్లూరులోనే ఉండేది. సరిహద్దు మారిన ప్రతిసారీ మండలాల వారీగా కూడుకుంటూ పాత సరిహద్దుకైనా, కొత్త సరిహద్దుకైనా ఒకే లెక్కకు తెచ్చుకోవాలి. మండల అంకెలకు జిల్లా గణాంకాల హ్యాండ్‌బుక్ చూడండి.

ఇంటర్వ్యూలు మాత్రమే చేస్తే అది రీసెర్చ్ అవుతుందా?

అవుతుంది. మార్కాపురం పలకల పరిశ్రమలో ఇంకా పని చేస్తున్నవాళ్లు మార్కెట్ తగ్గినా ఎందుకు ఉన్నారో ఐదు మెట్ల స్కేలుతో తెలియదు. పది, పదిహేనుమందితో గంటేసి కూర్చోవాలి. అనుమతి అడిగి రికార్డు చేయాలి, మాట మాటా రాసుకోవాలి, మళ్లీ మళ్లీ వచ్చే విషయాలను గుర్తుపెట్టాలి. కొత్త మనిషి కొత్త సంగతి చెప్పడం ఆగినప్పుడు ఆపవచ్చు. ఇది సర్వే కంటే తేలికని దిగకండి, రాసుకోవడానికే వారాలు పడుతుంది.

రెడీమేడ్ ప్రాజెక్టు కొంటే ఏమవుతుంది? ఏఐతో రాయిస్తే?

కాపీ మీద యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇది పీహెచ్‌డీకే అనుకుంటారు, మాస్టర్స్ డిసర్టేషన్‌కూ వర్తిస్తుంది.

ఏఐని వ్యాకరణం దిద్దడానికి, అర్థంకాని టెస్టును వివరించమని అడగడానికి వాడుకోండి, మీ కాలేజీ ఒప్పుకుంటే. అది ఇచ్చే రిఫరెన్సును మాత్రం తెరిచి చూడకుండా పెట్టకండి, లేని పేపర్లను కూడా ఉన్నట్టు చూపిస్తుంది. సొంతంగా నింపేసిన ఫామ్‌లు కూడా దొరికిపోతాయి. నిజమైన జవాబుల్లో ఖాళీలుంటాయి, పొంతనలేని మాటలుంటాయి, ఒకరిద్దరు విసుక్కుని మధ్యలో వదిలేసి ఉంటారు. గదిలో కూర్చుని నింపినవాటిలో అవేమీ ఉండవు. నలభై నిజమైన ఫామ్‌లతో వచ్చిన రిపోర్టును నేను రెండువందల అనుమానపు ఫామ్‌ల కంటే ఎంతో గౌరవంగా చూస్తాను.

కంపెనీ డేటా ఇవ్వనంటే?

కాలేజీ లెటర్‌తో వెళ్లండి. ఏ అంకెలు కావాలో ఒక పేజీలో రాసివ్వండి, పేరు బయటపెట్టనని రాతపూర్వకంగా చెప్పండి. మొత్తం లెడ్జర్ అడిగితే ఎవరూ ఇవ్వరు. నెలవారీ మొత్తాలు, శాతాలు అడిగితే చాలామంది ఇస్తారు.

వైవాలో ఏం అడుగుతారు?

టైటిల్‌లోని ప్రతి మాటనూ పట్టుకుని ఎందుకని అడుగుతారు. ఈ టెస్ట్ ఎందుకు, ఈ ఊళ్లే ఎందుకు, ఈ సంఖ్య ఎలా వచ్చింది. ఫామ్‌ల కట్ట వెంట తీసుకెళ్లండి. లిమిటేషన్స్ దగ్గర ‘సమయం తక్కువ, శాంపిల్ చిన్నది’ అని అందరూ రాసేదే రాస్తే ఆ అధ్యాయం ఉండీ లేనట్టే. ఇలా రాయండి: ‘జాబితాలో పేరున్న రైతులనే కలిశాను. బ్యారన్ కౌలుకు తీసుకున్నవాళ్లు ఇందులో లేరు. వాళ్లు కౌలు కూడా కడతారు కాబట్టి, నేను చెప్పిన ఖర్చు వాళ్ల అసలు ఖర్చు కంటే తక్కువగా ఉండవచ్చు.’ ఎగ్జామినర్ తర్వాతి ప్రశ్న దాని మీదే వేస్తారు, దానికి జవాబు మీకు తెలిసే ఉంటుంది.